తెర పట్టినవాళ్ళ నాట్యం: లండన్‌లో నా అనుభవం

దరఖాస్తు ఫారంలో ఒక్క ప్రశ్న దగ్గర మూడు రాత్రులు ఆగిపోయాను. మీరు చేయబోయే నాట్యం ఏమిటో కొద్ది మాటల్లో రాయండి అని ఉంది. పగలంతా ఆసుపత్రి ఫార్మసీలో డ్యూటీ. రాత్రి ఈస్ట్‌హామ్‌లో నా గదికి వచ్చి, అన్నం తిని, లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. కూచిపూడి గురించి రాయమంటే పేజీలు రాసేస్తాను. ఏడో ఏట విజయవాడ సత్యనారాయణపురంలో మాస్టారి ఇంటి వసారాలో గజ్జె కట్టాను. పద్దెనిమిదో ఏట రంగప్రవేశం అయింది. కానీ వీళ్ళు నాకేం వచ్చో అడగడం లేదు. నేను ఇంతవరకు చేసి చూడనిది ఏమిటని అడుగుతున్నారు. అలా నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

ఆ దరఖాస్తు రిజల్యూషన్ అనే ఉత్సవానికి. లండన్‌లో యూస్టన్ స్టేషన్‌కి దగ్గర్లో, డ్యూక్స్ రోడ్డులో, ది ప్లేస్ అనే నాట్యశాల ఉంది. చలికాలంలో జరిగే ఈ ఉత్సవం అక్కడ 1990లో మొదలైంది. సాయంత్రానికి మూడు కొత్త నాట్యాలు, ముగ్గురు వేరువేరు మనుషులవి. చాలామందికి అది మొదటి అడుగు. హోఫెష్ షెక్టర్, వేన్ మెక్‌గ్రెగర్ లాంటి పేరున్న నృత్యకర్తలు కూడా పేరు రాకముందు ఈ ఉత్సవంలో తమ పని చూపించినవాళ్ళే. ప్రేక్షకులు టికెట్ కొనేటప్పుడే వాళ్ళకి తెలుసు, ఈ మూడింటిలో ఒకటి నచ్చకపోవచ్చు, ఒకటి అర్థం కాకపోవచ్చు అని. అయినా వస్తారు. అంతకుముందు రెండేళ్ళు నేనూ అలా టికెట్ కొనుక్కుని వెళ్ళినదాన్నే. ఒక రాత్రి ఒకమ్మాయి ఇరవై నిమిషాల పాటు నడవడం తప్ప ఇంకేమీ చేయలేదు. మొదటి ఐదు నిమిషాలు విసుగొచ్చింది. పదిహేనో నిమిషానికి ఆమె కుడి పాదం మోపే తీరు నాకు కంఠతా వచ్చేసింది. ఇంటికొచ్చి పడుకున్నా ఆ పాదమే కళ్ళముందు.

ఆ భవనం గురించి ఒక్క మాట చెప్పాలి. ఒకప్పుడు అది ఆర్టిస్ట్స్ రైఫిల్స్ అనే వాలంటీర్ దళం కవాతు చేసిన హాలు. రాబిన్ హోవర్డ్ అనే ఆయన 1954లో లండన్ వచ్చిన అమెరికా నర్తకి మార్తా గ్రాహమ్ బృందాన్ని చూసి ఆ నాట్యానికి బానిస అయిపోయాడు. హోటల్ వ్యాపారం చేసే మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. తన డబ్బంతా ధారపోసి బడి పెట్టి, 1969లో దాన్ని ఈ కవాతు హాలులోకి తెచ్చాడు. లోపలున్న థియేటర్‌కి ఆయన పేరే. ఆ పేరు చదివిన ప్రతిసారీ నా కాళ్ళ వైపు ఒకసారి చూసుకుంటాను.

మొదట నేను రాసుకున్నది జడ గురించి. కూచిపూడివాళ్ళ నాట్యరూపకం భామాకలాపంలో సత్యభామ రాగానే ముఖం చూపించదు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడితే, దాని వెనక నుంచి ముందు జడ బయటికి వేస్తుంది. రాగిడి, చంద్రవంక, నాగరం, కుచ్చులు అన్నీ పెట్టిన జడ. నన్ను మించినవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, ఈ జడ కోసేయండి అని సవాలు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామ వేషం కట్టి అలా జడ వేయడం మా నాన్న చిన్నతనంలో చూశారట. అది మగమనిషి అని పక్కనున్నవాళ్ళు చెప్పినా నమ్మలేదట. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. అందుకే జడ.

లైటింగ్ పని చేసే పోలండ్ స్నేహితురాలు ఒకతె ఉంది నాకు. ఆమెకి నా రంగప్రవేశం వీడియో పెట్టి చూపించాను. జడ గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను. ఆమె మధ్యలో ఆపి, "ఆ గుడ్డ పట్టుకున్న ఇద్దరూ ఎవరు?" అంది.

నాకు తెలియదు.

నా రంగప్రవేశం అది. ఆ రోజు కట్టిన చీర రంగు, తాళాలు వేస్తూ నట్టువాంగం చేస్తున్న మాస్టారు ఎక్కడ దగ్గారో అది కూడా నాకు గుర్తుంది. తెర పట్టింది ఎవరో గుర్తులేదు. అమ్మకి ఫోన్ చేశాను. "ఒకవైపు పెద్దమామయ్య. రెండోవైపు పట్టాల్సినవాడు రాలేదని మైకుసెట్టు కుర్రాణ్ణి నిలబెట్టాం కదే," అంది. వీడియో మళ్ళీ చూశాను. ఆ కుర్రాడు ప్యాంటు మీద ఎవరిదో పట్టు కండువా కట్టుకుని, తెర వెనకున్న నన్ను చూడకుండా, ఎదురుగా ఉన్న జనాన్నీ చూడకుండా, తల పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. నాలుగు నిమిషాలు కదలలేదు.

ఫారంలో రెండే వాక్యాలు రాశాను. పాత్ర రంగం మీదకి వచ్చేటప్పుడు పాడే ప్రవేశ దరువులో తెర తొలగిపోతుంది, పట్టినవాళ్ళు వెళ్ళిపోతారు, నాట్యం మొదలవుతుంది. ఈ నాట్యంలో తెర తొలగదు, పట్టినవాళ్ళు వెళ్ళరు. నాతో ఉండే ఇద్దరు అమ్మాయిలు వంటింట్లో దుప్పటి పట్టుకుంటే వీడియో తీసి జతచేశాను. ఎంపికైనట్టు మెయిల్ వచ్చినప్పుడు ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ ముందు ఉన్నాను. తలుపు మూయడం మరిచిపోతే అలారం మోగింది.

ఇక మనుషులు కావాలి. ఒక కొసకి లీడ్స్ నుంచి వచ్చిన కుర్రాడు దొరికాడు, కాంటెంపరరీ అనే ఆధునిక పాశ్చాత్య నాట్యం నేర్చుకున్నవాడు. రెండో కొసకి కూడా నర్తకుణ్ణే వెతికాను. ఇద్దరు ముగ్గురు వచ్చి పట్టి చూశారు. వాళ్ళు పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు, నాట్యం చేస్తున్నట్టు ఉంటుంది. మైకుసెట్టు కుర్రాడి మెడ వాళ్ళకి రాదు. అప్పుడు హౌన్‌స్లోలో ఉండే బాబాయి గుర్తొచ్చాడు. నాన్నకి పెదనాన్న కొడుకు. 61 ఏళ్ళు. హీత్రూలో సామాన్ల విభాగంలో చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో తెనాలిలో పద్యనాటకాల సమాజంతో తిరిగేవాడు. వేషం ఒక్కటీ కట్టలేదు, తెర లాగడం ఆయన పని.

"నేను తెర లాగినవాణ్ణే గానీ పట్టినవాణ్ణి కాదమ్మా," అన్నాడు.

"లాగడం కంటే ఇదే తేలిక బాబాయ్," అన్నాను. ఎంత తప్పు మాట అన్నానో మొదటి ఆదివారమే తెలిసింది. గ్రీన్ స్ట్రీట్‌లో కొన్న ముదురు ఎరుపు నూలు గుడ్డ, నాలుగు మీటర్ల పొడవు, మీటరుంపావు ఎత్తు. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. దాన్నే భుజాల ఎత్తున, చేతులు చాచి, బిగువు సడలకుండా పట్టుకోవాలి. ఆరో నిమిషానికే బాబాయి భుజాలు మంటెత్తిపోయాయి.

ఇక్కడ లీడ్స్ కుర్రాడు చేసిన మేలు మరువలేను. 1972లో అమెరికాలో స్టీవ్ ప్యాక్స్‌టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అనే పద్ధతి ఉంది. ఇద్దరు ఒకరి మీద ఒకరు బరువు వేస్తూ, తీసుకుంటూ, ఆ బరువు ఎటు తీసుకెళ్తే అటు కదలడం అందులో ముఖ్యం. ఆ కుర్రాడు దాన్ని గుడ్డ ద్వారా నేర్పాడు. "చేతులతో పట్టకండి, వెనక్కి వాలండి, అటు నేను ఉన్నాను," అనేవాడు. బాబాయికి వాలడం రాలేదు. ముప్ఫై ఏళ్ళు పెట్టెలు ఎత్తిన ఒళ్ళు, బరువుని తనే మోయాలనుకుంటుంది. మూడో వారం ఒక క్షణం ఆయన నిజంగా వాలాడు. గుడ్డ తంబురా తీగలాగా బిగిసింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం నేను చూశాను. నాకూ అదే పాఠం అని తర్వాత తెలిసింది. కూచిపూడిలో అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి విచ్చి సగం కూర్చున్నప్పుడు, నడుము నిలబెట్టి బరువంతా నాలోనే దాచుకుంటాను. ఎదుటివాళ్ళకి ఇవ్వడం ఎన్నడూ నేర్చుకోలేదు.

ఇల్ఫర్డ్ వైపు ఒక హాలు గంటకి 16 పౌండ్ల చొప్పున తీసుకున్నాం. ఒక ఆదివారం వెళ్తే తలుపుకి తాళం. అదే సమయానికి వేరేవాళ్ళకీ ఇచ్చారని, మాకు చెప్పడం మరిచిపోయారని తేలింది. బాబాయి రెండు రైళ్ళు మారి వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. సరే అని కార్ పార్క్‌లోనే తెర విప్పాం. గాలి ఒక్కసారిగా పట్టుకుని ఇద్దర్నీ లాక్కుపోయింది. ఆ గంటలో నేర్చుకున్నంత ఆ హాలులో నెల రోజుల్లో నేర్చుకోలేదు. గాలి ఊదినప్పుడు గుడ్డకి పొట్ట వస్తుంది, నేను వెనక నుంచి ఆ పొట్టలోకి వెళ్ళొచ్చు, నా ఆకారం ఇటు అచ్చుపడుతుంది. నాట్యంలో మధ్య భాగమంతా అక్కణ్ణించే పుట్టింది.

ఈలోగా ఇంటి దగ్గర్నుంచి అమ్మ బెంగ. "మాస్టారికి తెలిస్తే ఏమంటారు? గజ్జెలు లేవు, పాట లేదు, ముఖమే కనపడదు. ఇదేం నాట్యం?" నేను చంద్రలేఖ గారి సంగతి చెప్పాను. భరతనాట్యం నేర్చి, పేరు తెచ్చుకుని, 1985లో ఆంగిక అనే నాట్యం చేసినప్పుడు ఆవిడ కేరళ యుద్ధవిద్య కలరిని, యోగాని, నాట్యాన్ని ఒకచోట చేర్చి, దేవుళ్ళ కథలు పక్కనపెట్టి ఒట్టి దేహాన్ని చూపించారు. అది జరిగింది మన దేశంలోనే, పరాయి దేశంలో కాదు. అమ్మ విని, "ఆవిడ ఆవిడ, నువ్వు నువ్వు," అంది. నిజమే. ఆ మాట నన్ను చాలా రోజులు కుదిపింది. నా దగ్గర ఉన్నదేమిటి అని మళ్ళీ మొదటికి వచ్చాను. నాకున్నది ఒక తెర, నేను పేరు అడగని ఒక కుర్రాడు. అంతే చాలు అనుకున్నాను.

థియేటర్ వాళ్ళ నుంచి కాగితాలు మొదలయ్యాయి. నేను ఒక కాగడా కావాలని రాశాను. పూర్వం వీధినాటకాల్లో వేషం ప్రవేశించేటప్పుడు తెర పక్కన కాగడా పట్టి, దాని మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని మంట లేచి, ఆ వెలుగులో వేషం కనపడేది. అది పెడదామని నా ఆశ. నిప్పు కుదరదని మర్యాదగా, గట్టిగా చెప్పారు. అంతేకాదు, స్టేజీ మీదకి తెచ్చే గుడ్డకే మంట అంటుకోకుండా మందు పట్టించాలి, పట్టించినట్టు రుజువు చూపాలి. మందు సీసా తెప్పించి, తెరని స్నానాల గదిలో వేలాడదీసి, రెండుసార్లు కొట్టి ఆరబెట్టాను. ముక్క కత్తిరించి లైటర్ పెట్టి చూస్తే నల్లబడింది గానీ మంట పట్టలేదు. గుడ్డ మాత్రం కొంచెం బిరుసెక్కి, ఇంకాస్త బరువైంది. గుగ్గిలం మంట బదులు నా స్నేహితురాలు పక్క నుంచి ఒకే ఒక్క పసుపు దీపం పెట్టింది. అది ఒక్క క్షణం ఎక్కువై తగ్గుతుంది. తెనాలిలో గుగ్గిలం వెలుగు చూసిన బాబాయి, "ఆ రంగే," అన్నాడు.

నాట్యం 26 నిమిషాలు వచ్చింది. 18కి తగ్గించాలి. ఎక్కడ కోసినా ప్రాణం పోతున్నట్టే ఉంది. చివర జడ బయటికి వేసే భాగం, నేను అన్నిటికంటే ముందు కలగన్నది, అదే తీసేశాను. మూడు రోజులు బాధపడ్డాను.

2019 ఫిబ్రవరిలో మా రోజు వచ్చింది. పొద్దున్నుంచి మూడు బృందాలు వంతులవారీగా స్టేజీ వాడుకోవాలి. ఎవరి లైట్లు, ఎవరి శబ్దం వాళ్ళు ఆ కాసేపట్లోనే సరిచూసుకోవాలి. మా వంతు వచ్చింది. మొదటి అడుగు తట్టాను. శబ్దం లేదు. ఇల్ఫర్డ్ హాలులో కర్రనేల, అడుగేస్తే ఢంకా మోగినట్టు ఉండేది. ఇక్కడ కాళ్ళు దెబ్బతినకుండా అడుగుకి కాస్త వంగి లేచేలా వేసిన నేల, పైన వినైల్ చాప. కాంటెంపరరీ నర్తకులు దొర్లుతారు, పడతారు, వాళ్ళకి అది వరం. నా అడుగు మాత్రం దూదిలో పడ్డట్టు పడింది. గజ్జెలు వద్దనుకున్నది నేనే, పాదం మోగుతుంది కదా అనే ధైర్యంతో. ఇప్పుడు పాదమూ పోయింది. టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. ఉన్న వ్యవధిలో మైకులు పెట్టించడం కుదరదు. అడుగులన్నీ సగం వేగానికి తగ్గించి, తెర కింద నుంచి కనపడే పాదాలతోనే చెప్పాలని అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాను. వినపడనిది కళ్ళకైనా అందాలి.

మధ్యలో దొరికిన విరామంలో బాబాయిని తీసుకుని బయటికి వచ్చాను. పక్కనే సెయింట్ పాంక్రస్ చర్చి. 1822లో తెరిచినది. యూస్టన్ రోడ్డు వైపు గోడకి నలుగురు రాతి ఆడవాళ్ళలా కనిపించే బొమ్మలు తలల మీద కప్పు మోస్తూ నిలబడి ఉంటాయి. తయారుచేశాక అవి పొడవైపోయాయని తెలిసి, నడుము దగ్గర కొంత ముక్క తీసేసి నిలబెట్టారని చెబుతారు. ఆ సంగతి చెబితే బాబాయి చాలాసేపు వాళ్ళ నడుముల వంక చూశాడు. "తెలివైనవాళ్ళు. చేతులు దించుకుని తలతో పట్టారు," అన్నాడు. తర్వాత తన భుజం నొక్కుకున్నాడు. ఆయన రాత్రి నిద్రపోలేదని అప్పుడు చెప్పాడు.

మాది రెండోది. దీపాలు ఆరాయి. మేం ముగ్గురం చీకట్లో వెళ్ళి నిలబడ్డాం. పసుపు వెలుగు భగ్గుమని తగ్గింది. తెర వెనక నుంచి నాకు జనం కనపడరు, వాళ్ళ ఊపిరి వినపడుతుంది. మొదటి పది నిమిషాలు అనుకున్నట్టే జరిగింది. పాదాలు మెల్లగా, మోగకుండా. గుడ్డ పొట్టలోకి నేను వెళ్ళినప్పుడు ఎవరో చిన్నగా అబ్బ అనడం వినిపించింది.

పదకొండో నిమిషంలో తెర పై అంచు వణికింది. రిహార్సల్‌లో ఎప్పుడూ పదిహేను దాటేవి బాబాయి చేతులు. మందు కొట్టిన బరువో, నిద్రలేమో, లైట్ల వేడో తెలియదు. అంచు ఒక వేలు దిగింది. తర్వాత బెత్తెడు. నా పాపిడి బయటపడింది, ఇంకో క్షణంలో నుదురు. ఈ నాట్యంలో నా ముఖం కనపడకూడదు. ఆలోచించే వ్యవధి లేదు. నా మోకాళ్ళు వాటంతటవే విచ్చుకుని అరమండిలోకి దిగాయి. ఆయన చేతులు దిగుతున్న కొద్దీ నేనూ దిగాను. అవతల లీడ్స్ కుర్రాడు గ్రహించి, తన కొస సమంగా దించుతూ వచ్చాడు. అరమండి నుంచి ఇంకా కిందికి, మడమలు లేచి పూర్తిగా కూర్చునేదాకా. ఇరవై ఏళ్ళుగా రోజూ చేసే సాధన అది. ఎవరో అలసిపోతే వాళ్ళతోపాటు దిగడానికి అది పనికొస్తుందని నాకెప్పుడూ తోచలేదు. చివరి నిమిషాల్లో ముగ్గురం నేల మీద ఉన్నాం. తెర కుప్పగా మా మధ్య ఉంది. బాబాయి చేతులు ఇంకా అంచు వదల్లేదు. హాలంతా నిశ్శబ్దం. నేను తల వంచుకునే ఉన్నాను. ఆయన ముఖాన్నే వాళ్ళు చూస్తున్నారని నాకు తెలుసు.

చప్పట్లు ఎంతసేపు కొట్టారో నాకు గుర్తులేదు. లోపలికి రాగానే బాబాయి, "చెడగొట్టానమ్మా," అన్నాడు. నేను ఆయన చేతులు పట్టుకుని కూర్చుండిపోయాను. చల్లగా, ఇంకా వణుకుతూ ఉన్నాయి. ఈ నాట్యంలో నేను కూర్చినదంతా ఒక ఎత్తు, ఆ చేతులు చేసింది ఒక ఎత్తు అని ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి రైల్లో ఈస్ట్‌హామ్ దాకా పట్టింది. ఆ రాత్రి ఆయన మా దగ్గరే పడుకున్నాడు. అంతా విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయితే ఇంకోసారి చేస్తే, కావాలని దించాలా, దిగేదాకా ఆగాలా?"

దానికి జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను. కావాలని దించితే అది అభినయం అవుతుంది. దిగేదాకా ఆగితే ఆ పెద్దాయన్ని నొప్పి పెట్టడం అవుతుంది.

ఆ ఏడాది రిజల్యూషన్‌లో ప్రతి సాయంత్రం మీద ఇద్దరు సమీక్ష రాసేవారు, ఒకరు అనుభవమున్న విమర్శకులు, ఒకరు రాయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు. మా మీద వచ్చిన రెండిట్లో ఒకరు మొదటి భాగం సాగిందని, పాదాల పని వెనక వరసలకి అందలేదని రాశారు. ఒప్పుకుంటాను, నేల గురించి నేను ముందే కనుక్కోవాల్సింది. రెండో ఆవిడ తెర దిగిన ఆ నిమిషాల గురించే రాశారు. అది అలా కూర్చిందనే అనుకున్నారు.

వీడియో మాస్టారికి పంపడానికి పది రోజులు ధైర్యం చాలలేదు. పంపాక ఆయన ఫోన్ చేశారు. గజ్జెల మాట ఎత్తలేదు, పాట మాట ఎత్తలేదు. "దిగేటప్పుడు ఎడమ మోకాలు ముందుకొచ్చింది, చూసుకో," అన్నారు. కాసేపు ఆగి, "ఆ తెర పట్టిన పెద్దాయన మనవాడేనా? మంచి నిలకడ," అన్నారు. మా బాబాయి అని చెప్పాను. మైకుసెట్టు కుర్రాడి పేరు మీకేమైనా గుర్తుందా మాస్టారూ అని అడిగాను. కనుక్కుంటానన్నారు.

తెర ఇప్పుడు హౌన్‌స్లోలో ఉంది. పిన్ని దాన్ని బాగా మాసిందని ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది. ఉతికితే మందు పోతుంది. ఇంకో స్టేజీ మీద విప్పాలంటే మళ్ళీ రెండుసార్లు కొట్టాలి, మళ్ళీ ముక్క కోసి లైటర్ పెట్టి చూడాలి. కోయడానికి ఒక అంచున ఇంకా జానెడు గుడ్డ ఉంది.